విపత్తు సాయం ఎవరికి ఎంత? న్యాయమైన పంపిణీకి కొలతే పునాది

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన కుండపోత వానలకు విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఒకే సమయంలో పొంగాయి. ఆ ఏడాది అక్టోబరు 1న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వరద బాధిత 14 రాష్ట్రాలకు రూ.5,858.60 కోట్లు విడుదల చేసింది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్ర వాటాగాను, జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి అడ్వాన్సుగాను ఇచ్చిన మొత్తమది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,036 కోట్లు, తెలంగాణకు రూ.416.80 కోట్లు దక్కాయి. ఒకే వారం, ఇరుగుపొరుగు రాష్ట్రాలు. సాయం మాత్రం ఒకరికి రూపాయి అందితే మరొకరికి నలభై పైసలు అందింది. ఏ నష్టాన్ని కొలిచి ఈ నిష్పత్తిని తేల్చారు?

దీనికి సమాధానం వరద నీటిలో దొరకదు, పాత పట్టికలో దొరుకుతుంది. 15వ ఆర్థిక సంఘం 2020-21 సంవత్సరానికి విపత్తు నిర్వహణ నిధిగా ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,491 కోట్లు, తెలంగాణకు రూ.599 కోట్లు సిఫారసు చేసింది. ఈ రెండు అంకెల నిష్పత్తి కూడా నూటికి నలభయ్యే. అంటే రెండు రాష్ట్రాల మధ్య ఈ నిష్పత్తి బుడమేరు, మున్నేరు పొంగడానికి నాలుగేళ్ల ముందే నిర్ణయమైంది. ఆ వారం మునిగిన పొలాల విస్తీర్ణానికీ దానికీ సంబంధం లేదు.

ఇందులో దురుద్దేశాన్ని వెతకనక్కరలేదు. విపత్తు వచ్చిన మరునాడే ఖర్చు పెట్టడానికి డబ్బు సిద్ధంగా ఉండాలంటే వాటాలు ముందుగానే నిర్ణయం కావలసిందే. అయితే ఆ ముందస్తు వాటాలను ఏ ప్రమాణంతో నిర్ణయిస్తున్నాం, ఆ తరువాత అసలు నష్టాన్ని ఎలా కొలుస్తున్నాం అన్న రెండు ప్రశ్నలు మిగిలే ఉంటాయి. ఢిల్లీలో రాష్ట్రాల వాటా, రాష్ట్రంలో మండలాల జాబితా, మండలంలో రైతుల పట్టిక అనే మూడు మెట్లలోనూ న్యాయం జరిగేదీ, తప్పేదీ కొలత దగ్గరే. పంట నష్టం విషయంలో ఆ కొలత వ్యవసాయ శాస్త్రానికి సంబంధించిన పని. కనుకనే ఆర్థికవేత్తలకు మాత్రమే వదిలేసిన ఈ అంశాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పట్టించుకోవాలన్నది ఈ వ్యాస ఉద్దేశం.

సాయం నడిచే దారి

విపత్తు ఖర్చుకు రాష్ట్రాల వద్ద కొంత సొమ్ము విడిగా ఉండాలన్న ఆలోచన రెండో ఆర్థిక సంఘం కాలం నాటి మార్జిన్ మనీ పద్ధతితో మొదలైంది. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫారసుతో 1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం దీనికి చట్టబద్ధత కల్పించింది. 13వ ఆర్థిక సంఘం సిఫారసుల మేరకు 2010 నుంచి రాష్ట్ర స్థాయిలోనూ, జాతీయ స్థాయిలోనూ విపత్తు స్పందన నిధులు అమలులోకి వచ్చాయి. రాష్ట్ర నిధిలో సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరిస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్ర వాటా 90 శాతం. కేంద్ర వాటా ఏటా రెండు వాయిదాల్లో విడుదలవుతుంది.

రాష్ట్ర నిధి చాలనంత తీవ్రమైన విపత్తు వచ్చినపుడు రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి వినతిపత్రం సమర్పిస్తుంది. కేంద్ర బృందం వచ్చి క్షేత్ర పరిశీలన చేస్తుంది. ఆ నివేదికను జాతీయ కార్యనిర్వాహక సంఘపు ఉపసంఘం పరిశీలించాక ఉన్నత స్థాయి సంఘం మొత్తాన్ని ఖరారు చేస్తుంది. రాష్ట్ర నిధిలో మిగిలి ఉన్న నిల్వలో కొంత భాగాన్ని సర్దుబాటు చేసి మిగతా సొమ్మును జాతీయ నిధి నుంచి ఇస్తారు. వరదలు, తుఫానుల వ్యవహారాన్ని హోం శాఖ చూస్తే కరువు, వడగళ్లు, చీడపీడల ఉధృతి కేంద్ర వ్యవసాయ శాఖ పరిధిలోకి వస్తాయి.

కాబట్టి ఈ ఏర్పాటులో రెండు సూత్రాలు పక్కపక్కన పనిచేస్తున్నాయి. మొదటిది ముందుగా నిర్ణయించిన వాటా, దాని గుణం వేగం. రెండోది తరువాత కొలిచిన నష్టం, దాని గుణం అవసరానికి తగిన సాయం. మొదటిదానిలో ప్రమాణం లోపిస్తే ఏటా అదే ప్రాంతం వెనుకబడుతుంది. రెండోదానిలో కొలత లోపిస్తే నష్టపోయిన రైతు పేరు పట్టికలోకే ఎక్కదు.

గత ఖర్చే ప్రమాణమైతే

చాలా కాలం పాటు రాష్ట్రాల వాటాలకు గతంలో అవి విపత్తులపై పెట్టిన ఖర్చే ఆధారంగా ఉండేది. ఎన్.కె.సింగ్ అధ్యక్షతన పనిచేసిన 15వ ఆర్థిక సంఘం ఈ పద్ధతిని కొంత మార్చింది. గత ఖర్చుకు 70 శాతం, విస్తీర్ణానికి 15 శాతం, జనాభాకు 15 శాతం ప్రాధాన్యమిచ్చి, వచ్చిన ఫలితాన్ని విపత్తు ముప్పు సూచికతో సవరించింది. ఆ సూచికలో వరద, కరువు, తుఫాను, భూకంపం వంటి ముప్పులకు 70 మార్కులు, పేదరికం ఆధారంగా కొలిచిన దుర్బలత్వానికి 30 మార్కులు కేటాయించింది. ముప్పును, పేదరికాన్ని లెక్కలోకి తేవడం మంచి ముందడుగు.

అయినా ఆ పద్ధతిలో అత్యధిక బరువు గత ఖర్చు మీదే ఉండిపోయింది. విస్తీర్ణంలో తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభా నిష్పత్తి కూడా దాదాపు అంతే. కేవలం ఈ రెండింటితోనే వాటా తేల్చి ఉంటే రూపాయికి డెబ్భై పైసలు వచ్చేది, వచ్చింది నలభై. ఈ తేడాలో కొంత సమంజసమైనదే. ఆంధ్రప్రదేశ్‌కు పొడవైన సముద్రతీరం ఉంది, బంగాళాఖాతపు తుఫానుల దెబ్బ దాదాపు ఏటా తగులుతుంది. తీరం లేని రాష్ట్రంతో దానిని సమానంగా చూడటం న్యాయం కాదు. మిగిలిన తేడాలో గత ఖర్చు పాత్ర ఎంత అన్నదే అడగవలసిన ప్రశ్న.

గత ఖర్చును సమర్థించేవారి వాదన తేలికగా తీసివేయదగినది కాదు. తరచూ విపత్తులకు గురయ్యే రాష్ట్రం తరచూ ఖర్చు చేస్తుంది, కనుక ఖర్చు ముప్పుకు పరోక్ష సాక్ష్యమన్నది వారి మాట. కాని ఖర్చు అవసరాన్ని ఎంత చెబుతుందో, ఖర్చు పెట్టగల స్తోమతనూ అంతే చెబుతుంది. ఖజానాలో సొమ్ము లేక తక్కువ ఖర్చు చేసిన రాష్ట్రం అవసరం తక్కువ ఉన్న రాష్ట్రంగా లెక్కకు వస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. పంట కుంటలు తవ్వి, వాటర్‌షెడ్ పనులు చేసి, బెట్టను తట్టుకునే పంటలకు మళ్లి నష్టాన్ని తగ్గించుకున్న ప్రాంతంలో సహాయ వ్యయం తగ్గుతుంది. వ్యయం తగ్గితే తరువాతి కాలపు వాటా కూడా తగ్గే ప్రమాదముంది. జాగ్రత్త పడినందుకు ఎవరూ నష్టపోకూడదు. 15వ సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని ఉపశమన చర్యలకు వేరు చేయడం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. తరువాతి ఐదేళ్ల సిఫారసుల బాధ్యత అరవింద్ పనగారియా అధ్యక్షతన ఏర్పడిన 16వ సంఘానిది. ఆ తరువాత వచ్చే సంఘాలు కూడా గత ఖర్చు బరువును తగ్గించి, కొలిచిన ముప్పుకు బరువు పెంచాలంటే వాటి ముందు నమ్మదగిన ముప్పు లెక్కలు ఉండాలి.

సమానం వేరు, న్యాయం వేరు

ప్రమాణాల తగవు ఎందుకని అందరికీ సమానంగా పంచితే న్యాయం జరుగుతుందా? ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం తరువాత వెనుకబడిన జిల్లాలకు కేంద్రమిచ్చిన సాయం దీనికి మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమ నాలుగు జిల్లాలకు, ఉత్తర కోస్తా మూడు జిల్లాలకు జిల్లాకు రూ.50 కోట్ల చొప్పున ఏడాదికి రూ.350 కోట్లు కేటాయించారు. తెలంగాణలో హైదరాబాదు మినహా నాటి తొమ్మిది జిల్లాలకు అదే చొప్పున రూ.450 కోట్లు.

లెక్క సులువుగా ఉంది, వివాదానికి తావులేదు. కాని అప్పటి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే, శ్రీకాకుళం విస్తీర్ణం 6 వేల చదరపు కిలోమీటర్లకు లోపే. ఒక చెక్‌డ్యాముకో, ఒక చెరువు మరమ్మతుకో అయ్యే ఖర్చు నేల విస్తీర్ణాన్ని బట్టి, వాగుల సంఖ్యను బట్టి ఉంటుంది. మూడు రెట్లు పెద్దదైన జిల్లాకు అదే మొత్తం ఇస్తే చదరపు కిలోమీటరుకు అందేది మూడో వంతు మాత్రమే. శ్రీకాకుళానికి ఎక్కువ ఇచ్చారని అనడం నా ఉద్దేశం కాదు. వంశధార, నాగావళి వరదలతో, వలసలతో ఆ జిల్లా కష్టాలు దానికున్నాయి. జిల్లా అనే పాలనా విభాగాన్ని కొలమానంగా తీసుకున్నప్పుడు కష్టం పరిమాణం లెక్కలోంచి జారిపోతుందన్నదే ఇక్కడ గ్రహించవలసిన విషయం.

ఈ విషయాన్ని గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. 1994లో సి.హెచ్.హనుమంతరావు సంఘం కరువు పీడిత ప్రాంతాల పథకాన్ని, ఎడారి అభివృద్ధి పథకాన్ని సమీక్షించినపుడు నేల తేమ, వాతావరణపు పొడితనం ఆధారంగా ప్రాంతాలను ఎంపిక చేయాలని చెప్పింది. ఆ సిఫారసుల మీదుగానే అనంతపురం ఎడారి అభివృద్ధి పథకంలో చేరింది, 1995 నాటి వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి. ఒక ప్రాంతపు కష్టాన్ని పాలనా హద్దులతో కాక వాతావరణ శాస్త్రపు కొలతతో చూడవచ్చునని ఆ సంఘం చూపింది.

కరువు గీత ఎక్కడ గీయాలి

వరద కంటికి కనబడుతుంది. కరువు అలా కనబడదు, దానిని ప్రకటించాలి. ప్రకటించిన మండలానికి సాయం అర్హత వస్తుంది, ప్రకటించని మండలానికి రాదు. సుప్రీంకోర్టు 2016 మే 11న స్వరాజ్ అభియాన్ కేసులో ఇచ్చిన తీర్పు, కరువు నిర్వహణ మాన్యువల్‌ను సవరించి ప్రకటనకు నిర్దిష్ట ప్రమాణాలను, గడువును ఏర్పరచాలని ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరులో కొత్త మాన్యువల్ వచ్చింది.

దాని ప్రకారం మొదటి పరీక్ష వర్షపాతానిది. సాధారణం నుంచి లోటు ఎంత, వరుసగా మూడు నాలుగు వారాలు బెట్ట వచ్చిందా అని చూస్తారు. అది దాటితే రెండో దశలో నాలుగు రకాల ప్రభావ సూచికలను పరిశీలిస్తారు. అవి విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పచ్చదనం, నేల తేమ, జలాశయాల, భూగర్భ జలాల మట్టాలు. వీటిలో ఎన్ని ఏ స్థాయిలో దెబ్బతిన్నాయన్న దానిని బట్టి కరువును మధ్యస్థం లేదా తీవ్రం అని వర్గీకరిస్తారు. తరువాత 10 శాతం గ్రామాలను యాదృచ్ఛికంగా ఎంచి పొలాల్లో నిర్ధారించుకోవాలి. ఖరీఫ్ కరువును అక్టోబరు 30లోగా, రబీ కరువును మార్చి 31లోగా ప్రకటించాలి. జాతీయ నిధి కోసం అడగడానికి తీవ్ర కరువే అర్హత. కాబట్టి ఈ రెండు మాటల మధ్య గీత ఒక మండలానికి సాయపు తలుపు తెరుస్తుంది, పక్క మండలానికి మూస్తుంది.

పాత పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో క్రమబద్ధమైనది. అయినా సేద్య విజ్ఞానం దృష్టితో చూస్తే మూడు లోపాలు కనిపిస్తాయి.

మొదటిది, బెట్ట ఎన్ని వారాలన్నది చూస్తున్నాం గాని పంట ఏ దశలో ఉండగా వచ్చిందన్నది తగినంత చూడటం లేదు. వేరుశనగ విత్తిన మొదటి మూడు నాలుగు వారాల్లో బెట్ట వచ్చి, ఆపైన వాన కురిస్తే పంట కోలుకుంటుంది. ఆ తొలి బెట్ట తరువాత పూత ఒక్కసారిగా వచ్చి దిగుబడి కొంత పెరగవచ్చునని కూడా పరిశోధనలు తెలిపాయి. అదే బెట్ట ఊడలు దిగే దశలోనో, కాయ ఊరే దశలోనో వస్తే ఊడ గట్టిపడిన నేలలోకి దిగదు, దిగిన కాయలో గింజ నిండదు. వర్షమాపకంలో రెండూ ఒకే అంకెగా నమోదవుతాయి, కళ్లంలో మాత్రం పంటకూ పొట్టుకూ ఉన్నంత తేడా ఉంటుంది.

రెండోది నేల. లోతు తక్కువైన ఎర్ర గరప నేల పట్టి ఉంచగలిగే తేమ పంటకు కొద్ది రోజులకే సరిపోతుంది. లోతైన నల్లరేగడి అంతకు ఎన్నో రెట్లు దాచుకుంటుంది. మూడు వారాల బెట్టను రేగడిలోని శనగ తట్టుకుంటుంది, ఎర్రనేలలోని వేరుశనగ తట్టుకోలేదు. ఒకే మండలంలో రెండు నేలలూ ఉన్నచోట మండల సగటు రెండింటినీ తప్పుగానే చూపిస్తుంది.

మూడోది విత్తిన విస్తీర్ణం. విత్తే పదును దొరక్క భూమి బీడుగా మిగిలితే ఈ సూచిక దానిని పట్టుకుంటుంది. జూలైలో మంచి పదును దొరికి రైతులందరూ విత్తి, ఆగస్టులో పంట ఎండిపోతే ఇది పట్టుకోలేదు. పైగా విత్తనానికి, ఎరువుకు, కూలికి పెట్టుబడి పెట్టి పోగొట్టుకున్న ఈ రెండో రైతు నష్టం మొదటి రైతు నష్టం కన్నా పెద్దది. ఈ సూచిక మాత్రం అతని మండలాన్ని సాధారణంగా ఉన్నట్టే చూపుతుంది.

ఇరవై ఏళ్ల క్రితం ఉమ్మడి అనంతపురం జిల్లాలో పంట పరిశీలనకు వెళ్లిన ఒక బృందంతో నేనూ ఉన్నాను. దారి పక్క చేలు పచ్చగా ఉన్నాయి. సెప్టెంబరు నడిమి వాన ఒకటి పడి ఆకు తేరుకుంది. జీపు దిగకుండానే నమోదు పుస్తకంలో ఆ గ్రామం ఎదుట పంట పరిస్థితి సాధారణమని రాసేశారు. గట్టు మీద నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన ముందుకు వచ్చి, "ఆకు జూసి రాయగాకండి సార్, పీకి జూసి రాయండి" అన్నాడు. దిగి నాలుగు చోట్ల మొక్కలు పీకి చూశాము. మొక్కకు రెండో మూడో కాయలు, అవీ ఎక్కువగా లొట్టలే. ఆ ఒక్క గ్రామపు పద్దును దిద్దించగలిగాము. దిగి చూడని గ్రామాల పద్దులు అలాగే పైకి వెళ్లాయి. నేను శాస్త్రవేత్తనై ఉండి, ఆయన చెప్పేదాకా జీపులోంచి దిగలేదన్న సంగతి నేటికీ నన్ను బాధిస్తూనే ఉంది. ఉపగ్రహం నేడు చేస్తున్నది కూడా చాలావరకు ఆకు చూడటమే. భూమిలో కాసే పంట సంగతి అది చెప్పలేదు. అందుకే 10 శాతం గ్రామాల క్షేత్ర నిర్ధారణను మొక్కుబడిగా చేసే హక్కు మనకు లేదు.

పొలం గట్టు మీద న్యాయం

మండలం జాబితాలో చేరినా రైతుకు సాయం అందడానికి ఇంకొక కొలత మిగిలి ఉంటుంది. 2022-26 కాలపు నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించితేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. 2015కు ముందు ఈ హద్దు 50 శాతం ఉండేది, తగ్గించడం రైతుకు మేలు చేసింది. 2015లో వర్షాధార పంటలకు హెక్టారుకు రూ.6,800గా ఉన్న రేటును 2022-26 కాలానికి రూ.8,500 చేశారు. నీటి వసతి గల పంటలకు రూ.17,000, బహువార్షిక పంటలకు రూ.22,500గా నిర్ణయించారు. ఒక్కో రైతుకు రెండు హెక్టార్ల వరకే వర్తిస్తుంది.

ఈ పద్ధతిలో 32 శాతం నష్టపోయిన రైతుకు ఏమీ రాదు. 33 శాతం నష్టపోయిన వానికీ, మొత్తం పోగొట్టుకున్న వానికీ ఒకటే రేటు. అంచనా వేసేవారి చూపులో ఒక్క శాతం అటూ ఇటూ అయితే చాలు, ఒక కుటుంబానికి అందే సాయం పూర్తిగా మారిపోతుంది. కంటి అంచనాలో ఒక్క శాతం తేడాను ఎవరూ నిర్ధారించలేరని పంటకోత ప్రయోగాలు చేసిన ప్రతి విద్యార్థికీ తెలుసు. నష్టాన్ని మూడు నాలుగు మెట్లుగా విభజించి మెట్టుకు తగిన రేటు ఇస్తే ఈ అన్యాయం చాలావరకు తగ్గుతుంది.

రేటులో పంటల మధ్య తేడా కూడా లేదు. హెక్టారుకు రూ.8,500 అంటే ఎకరాకు సుమారు రూ.3,440. వర్షాధార వేరుశనగకు ఎకరాకు దాదాపు 60 కిలోల విత్తనపు గింజలు కావాలి. కిలో వంద రూపాయలుగా వేసుకున్నా ఒక్క విత్తనానికే రూ.6,000 అవుతుంది. కొర్ర అయితే ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. రెండూ వర్షాధార పంటలే కాబట్టి సాయం ఒకటే. ఇది నష్టపరిహారం కాదనీ, మళ్లీ విత్తుకోవడానికి చేయూత మాత్రమేననీ ప్రభుత్వం చెప్పే మాట నిజమే. కాని చేయూతగా చూసినా వేరుశనగ రైతుకు అది విత్తనపు ఖర్చులో సగానికి కాస్త పైగా మాత్రమే వస్తుంది. పంటవారీ పెట్టుబడి లెక్కలు విశ్వవిద్యాలయాల దగ్గర ఉన్నాయి, వాటిని నిబంధనలు రూపొందించేవారి ముందు ఉంచవలసింది మనమే.

ఇక పట్టికలో ఎవరి పేరు ఉండాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. పెట్టుబడి పెట్టినది కౌలు రైతు, పాసు పుస్తకం పట్టాదారుది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం పంట సాగుదారు హక్కు పత్రాలను తెచ్చింది, కాని అవి భూయజమాని అంగీకారంపై ఆధారపడ్డాయి. పత్రం లేని సాగుదారు పేరు ఈ-క్రాప్ నమోదులో ఎక్కకపోతే, సాయం చేను దున్నని వారి ఖాతాకు చేరుతుంది. ఢిల్లీలో ఎంత న్యాయమైన సూత్రం రాసినా ఈ చివరి అడుగులో అది వమ్మవుతుంది.

ఆలస్యం కూడా అన్యాయమే

సరైన మొత్తం సరైన మనిషికి తప్పిన అదనులో అందినా ప్రయోజనం తక్కువే. 2023 ఖరీఫ్‌లో కర్ణాటక 236 తాలూకాల్లో 223 తాలూకాలను కరువు తాలూకాలుగా ప్రకటించి కేంద్రాన్ని రూ.18,171 కోట్లు కోరింది. సాయం ఆలస్యమవుతోందని 2024 మార్చిలో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఏప్రిల్ చివర రూ.3,454 కోట్లు విడుదలయ్యాయి. కోరినదీ ఇచ్చినదీ ఎందుకంత దూరంగా ఉన్నాయన్న వాదన రెండు ప్రభుత్వాల మధ్య సాగింది. దానిలోకి వెళ్లకుండానే ఒక సంగతి చెప్పవచ్చు. పంట పోయిన ఖరీఫ్‌కూ, డబ్బు వచ్చిన తేదీకీ మధ్య రబీ కాలం మొత్తం దాటిపోయింది. ఆ రబీలో విత్తనానికి ఆసరాగా ఉండవలసిన సొమ్ము అప్పటికి అందుబాటులో లేదు.

ఇటువంటి తగవుల్లో కోర్టుకైనా, కేంద్ర బృందానికైనా చివరికి కావలసినది నమ్మదగిన నమోదు. బృందం వచ్చేనాటికి పంట కోసేసి ఉంటుంది, లేదా దున్నేసి ఉంటుంది. వారంవారం రాసిన క్షేత్ర వివరాలు, తేదీలున్న ఛాయాచిత్రాలు, మొక్కకు నిండిన కాయల లెక్కలు సిద్ధంగా ఉన్న జిల్లా తన నష్టాన్ని త్వరగా నిరూపించుకుంటుంది. అవి లేని జిల్లా వాదించడంలోనే కాలం గడుపుతుంది.

ఒక పాత పాఠం, మన ముందున్న పని

ధాత నామ సంవత్సరంలో మొదలై తెలుగు నేలపై ధాత కరువుగా నిలిచిపోయిన 1876-78 కరువులో, దత్త మండలాలతో సహా మద్రాసు రాష్ట్రమంతటా సహాయ పనుల కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి రొక్కం చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు ప్రభుత్వ పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న వైద్యుడు విలియం కార్నిష్ దానిని వ్యతిరేకించాడు. శ్రమ చేసే మనిషి ఆ తిండితో బతకలేడని శరీర శాస్త్రం ఆధారంగా వాదించాడు. 1877లోనే మద్రాసు ప్రభుత్వం ఆ వేతనాన్ని సడలించింది. ఆ లోపల ఎందరి ప్రాణాలో పోయాయి. పొదుపు కోసం ఎంచుకున్న తప్పు కొలత ఎంత హాని చేయగలదో, తన శాస్త్రాన్ని నమ్మి గొంతెత్తిన ఒక్క నిపుణుడు ఎంత మార్చగలడో ఈ ఉదంతం చెబుతుంది.

నేడు మనవల్ల అయ్యే పని అంతకన్నా సులువైనది. దానిని అయిదు అంశాలుగా చెప్పుకోవచ్చు.

1. ప్రతి మండలంలో ప్రధాన నేల రకాలు, ప్రధాన పంటలవారీగా వారంవారం నీటి జమాఖర్చు లెక్క కట్టాలి. వర్షమాపకం, నేల లోతు, పంట దశ తెలిస్తే ఈ లెక్కకు పెద్ద పరికరాలు అక్కరలేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు దీనిని తమ నెలవారీ నివేదికల్లో భాగం చేసుకోవచ్చు.

2. బెట్ట ఏ దశలో వస్తే ఏ పంటకు ఎంత నష్టమో మన పరిశోధన స్థానాల పాత ప్రయోగ ఫలితాల నుంచి పట్టికలుగా కూర్చి, కరువు ప్రకటన సంఘాలకు ఏటా జూన్‌కు ముందే అందజేయాలి.

3. క్షేత్ర నిర్ధారణలో భూమిలో కాసే పంటలకు మొక్కలు పీకి కాయలు లెక్కించడం తప్పనిసరి చేయాలి. ఒక చేనులో కనీసం నాలుగైదు చోట్ల చూడాలి, గట్టు పక్క మొక్కలను వదలాలి.

4. పరిశీలన పత్రంలో పట్టాదారు పేరుతో పాటు వాస్తవంగా సాగు చేస్తున్న వారి పేరు కోసం వేరే గడి ఉండాలి. ఆ గడి నింపడానికి చట్టం మారనక్కరలేదు, అడిగే ఓపిక ఉంటే చాలు.

5. జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలి. పొరుగు చేను సంగతి పొరుగు రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

విద్యార్థులకు ఒక సూచన. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో మీరు ఒక గ్రామంలో నెలల తరబడి ఉంటారు. ఆ గ్రామంలో ఒక ఖరీఫ్ పంటకు విత్తిన నాటి నుంచి కోత దాకా నీటి జమాఖర్చు రాయండి. చివరకు దిగుబడిని మీ అంచనాతో పోల్చి చూడండి. మీ అంచనాకూ, మండల సగటుకూ మధ్య తేడా వస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. రాష్ట్రాల వాటాల సూత్రం మార్చడం మన చేతిలో లేదు. ఆ సూత్రంలోకి వెళ్లే అంకెల్లో కొన్ని మాత్రం మన చేతి మీదుగానే వెళ్తాయి. వాటిని రాసే ముందు జీపు దిగి, చేనులోకి నడిచి, మొక్క పీకి చూడవలసిన బాధ్యత మనదే.